బస్సుకు వంతు భోజనం

మా ఊరి పేరు చెప్పినా తెలియని మనిషి ఇప్పటికీ రెండు ప్రశ్నలే వేస్తాడు. ఊళ్ళో జనం ఎంత? అక్కడికి పోయేదెట్లా? నేను పలక పట్టిన రోజుల్లో ఈ రెండింటికీ సూటిగా జవాబు చెప్పగల మనిషి మా ఊళ్ళో లేడు. ఇప్పుడు నన్ను చెప్పమన్నా కొంచెం చుట్టు తిరిగే చెబుతాను. వినేవాళ్ళకు తొందరుంటే అది వాళ్ళ ఖర్మ.

ముందు జనం సంగతి. మా ఊళ్ళో జనాన్ని తలకాయలతో లెక్కపెట్టేవాళ్ళు కాదు, వంతులతో లెక్కపెట్టేవాళ్ళు. బయటినుంచి ఊరి పనిమీద వచ్చిన మనిషి ఎవరైనా సరే, వీధిబడి అయ్యవారు కానీ, టీకాలు వేసే ఆయన కానీ, తోలుబొమ్మలాట వాళ్ళు కానీ, ఊళ్ళో ఉన్నన్నాళ్ళూ వరసగా రోజుకొక ఇంట్లో భోంచేయాలి. చావిడి పక్కనున్న మునసబుగారి ఇంటితో మొదలై, వంక గట్టు మీద దూదేకుల వాళ్ళ ఇంటితో ఒక చుట్టు ముగిసేది. మీ ఊరు ఎంతుంటుందని పొరుగూరి వాళ్ళు అడిగితే, “అయ్యవారు ఒక చుట్టు తిరిగేలోగా రెండు అమావాస్యలు వస్తాయప్పా” అనేవాడు మా నాయన. అడిగినవాడికి ఊరి కొలత చక్కగా అర్థమయ్యేది. మాలగేరి, మాదిగగేరి మాత్రం ఈ చుట్టులో లేవు. ఊరంటే ఊరు, గేరంటే గేరి అన్న కాలం అది. సగం మందిని వదిలేసిన లెక్క లెక్కే కాదని ఇప్పుడు అంటాను. అప్పుడు అన్నవాళ్ళు లేరు.

ఇక పోయేదెట్లా అన్నది. నంద్యాల నుంచి ఆళ్ళగడ్డకు పోయే పెద్దరోడ్డు మా ఊరికి రెండు మైళ్ళ దూరం. మధ్యలో వంక. ఆ రెండు మైళ్ళూ నల్లరేగడి. ఎండాకాలంలో కాలు ఇరుక్కునేంత నెర్రెలు, వానాకాలంలో మోకాలి దాకా బంక. నాలుగు చినుకులు పడితే చెప్పులు చేతిలోకి వస్తాయి. గట్టిగా కురిస్తే బండి ఇరుసు దాకా దిగబడి, ఎద్దులు మనవైపు చూస్తూ నిలబడతాయి. ఎద్దులున్నవాళ్ళు బండి కట్టేవాళ్ళు, లేనివాళ్ళు నడిచేవాళ్ళు, ఆడవాళ్ళు పుట్టింటికి పోవాలంటే గూడుబండి. మా పెదనాన్న ఒకసారి డోనులో రైలు మారి ఎక్కడికో పోయివచ్చాడు. ఎక్కడికి పోయాడో ఎవరికీ గుర్తులేదు కానీ డోనులో రైలు మారిన వైనం మాత్రం ఆయన పోయేదాకా చెబుతూనే ఉన్నాడు.

కర్నూలు రాజధాని అయిన కొత్తల్లో నా ఐదో తరగతి అయిపోయింది. మా ఊరి బడి అంతటితో సరి. పైన చదవాలంటే ఆళ్ళగడ్డలో ఫస్టు ఫారంలో చేరాలి. మగపిల్లలైతే ఆళ్ళగడ్డలో చుట్టాల ఇళ్ళలో ఉండి చదువుకునేవాళ్ళు. నన్ను అట్లా ఉంచడం మా నాయనకు ఇష్టం లేదు.

“దినామూ పొయ్యి వచ్చేటట్లయితే చదువు. ఎవరింట్లోనో పెట్టేది మాత్రం లేదు” అన్నాడు.

దినామూ పోయి రావడమంటే బస్సు ఉండాలి. బస్సు పెద్దరోడ్డు మీద పోతుంది. పదకొండేళ్ళ ఆడపిల్ల ఒక్కతే వంక దాటి అంతదూరం నడిచిపోవడం మా ఇంట్లో ఊహకు కూడా రాని మాట. కాబట్టి బస్సే ఊళ్ళోకి రావాలి, లేకపోతే నా చదువు అక్కడికి ఆఖరు. నా వయసు పిల్లలు చాలామంది అప్పటికే పేడకళ్ళు ఎత్తుతున్నారు. నాకు ఆ పని తెలుసు, దాని మీద నాకు ఏ మోజూ లేదు.

ఆ ఏడు మునసబుగారు నంద్యాలలో బస్సు సావుకారును పట్టుకుని బతిమాలాడు. మగవాళ్ళందరూ కలిసి వంకలో బండలు పరిచారు. బాటకు కంకర తోలారు. సావుకారు ఒప్పుకున్నాడు కానీ మెలిక పెట్టాడు. బడులు తెరిచేదాకా చూస్తాడట. బస్సు వేళకు పోయి వేళకు వస్తుంటే సరే, వానల్లో బాట సంగతి కూడా తానే చూసుకుంటాడు. లేదంటే మునుపటిలాగే పెద్దరోడ్డు మీదనే పోతుంది.

ఉగాది వెళ్ళిన వారంలో బస్సు వచ్చింది. ముక్కుకు పసుపు పూసి, చక్రం కింద టెంకాయ కొట్టారు. డ్రైవరు నంద్యాల సాయిబు. పెద్ద మీసాలు, చిన్న గొంతు. కండక్టరు బక్కపలచని కుర్రవాడు. మునసబుగారి భార్య వాళ్ళిద్దరికీ కాళ్ళు కడుక్కోను నీళ్ళిచ్చి, అరుగు మీద విస్తర్లు వేసి భోజనం పెట్టింది. మొదటిరోజు కదా, పెట్టడం మర్యాదే. ఎవరూ తప్పు పట్టలేదు.

రెండో రోజు బస్సు వచ్చేసరికి మునసబుగారి పక్కింటి ఆమె చెంబుతో గడపలో నిలబడి ఉంది. మూడో రోజు ఆ పక్కింటి ఆమె. ఇట్లా చేయాలని చావిడిలో ఎవరూ అనుకోలేదు, ఎవరూ తీర్మానించలేదు. ఊరి పనిమీద వచ్చిన మనిషికి వంతు పెట్టాలన్నది మావాళ్ళ ఒంట్లో ఉంది. బస్సు ఊరిది అయింది, కాబట్టి బస్సు మనుషులకు వంతు పడింది, అంతే.

అయ్యవారికైతే ఏం తొందర? తిని, తాంబూలం వేసుకుని, అరుగు మీద కునుకు తీసినా బడి ఎక్కడికీ పోదు. బస్సు అట్లా కాదు కదా. అందులో నంద్యాల నుంచి ఆళ్ళగడ్డకు పోయేవాళ్ళు కూర్చుని ఉంటారు. వాళ్ళు కిటికీల్లోంచి తలలు బయటపెట్టి, మా ఊరి అరుగుల మీద సంగటి ముద్దలు తరిగిపోవడం చూస్తూ ఉండేవాళ్ళు. మొదట్లో జొన్నరొట్టె, నంజుకోను ఊరిబిండి. తర్వాత ఒక ఇంట్లో గుత్తివంకాయ చేశారు. అది చూసి పక్కింట్లో పూర్ణం పెట్టి ఓళిగలు చేశారు. ఆ పైన కోడి కోశారు. కోడి తర్వాత ఇక వెనక్కు పోయేదెట్లా? పై ఇళ్ళవాళ్ళు ఎంత లేనివాళ్ళైనా కోడే కోయాల్సి వచ్చింది. మా వీధి చివర ఒక ముసలామె గుడ్లు పెట్టే పెట్టను కోసి పెట్టి, ఆ మధ్యాహ్నమంతా ఖాళీ గంప ముందు కూర్చుంది.

డ్రైవరు ఒకరోజు ఆకలి లేదన్నాడు. పెట్టే ఇంటామె చెంబు లోపలికి తీసుకుపోయి తలుపు వేసుకుంది. మర్నాటి నుంచి ఆ ఇంట్లో వాళ్ళు బస్సు ఎక్కడం మానేసి బండి కట్టారు. దాంతో డ్రైవరు భయపడి మళ్ళీ తినడం మొదలుపెట్టాడు.

“తినకుంటే మీ ఊరు ఊరుకోదు, తింటే మా సావుకారు ఊరుకోడు. నేనేం చేసేదప్పా?” అని మా నాయనతో చెప్పుకున్నాడు. అంటూనే రెండో ఓళిగ అందుకున్నాడు కూడా.

కచేరీ పనిమీద పోయే ఒకాయన ఒకరోజు బస్సు దిగి చావిడి ముందు నిలబడి, “మీ ఊరోళ్ళు పెట్టే కూటికి నా వాయిదా పొయ్యె గదప్పా” అని అరిచాడు. మావాళ్ళు ఆయన బాధ అర్థం చేసుకున్నారు. ఆయనకూ ఒక విస్తరి వేశారు.

ఇక బడులు తెరిచే రోజులు దగ్గరపడ్డాయి. ఒక శనివారం సాయంత్రం డ్రైవరు మునసబుగారి దగ్గరకు వచ్చి మెల్లగా చెప్పాడు. “ప్యాసింజర్లు పొయ్యి మా సావుకారికి చెప్పినారంట. సోమారం పొద్దున బస్సులో ఆయనే వస్తాడు. ఆ పొద్దు గూడా లేటయిందంటే ఇంగ బస్సు లోపలికి రాదు. నాతో ఖచ్చితంగా చెప్పినాడు.”

చావిడిలో పెద్దమనుషులు కూర్చున్నారు. వేళకు బస్సును పంపించాలంటే సోమవారం ఎవరూ అన్నం పెట్టకూడదు. అది చిన్నపిల్లలకు కూడా తెలిసే సంగతి. సోమవారం వంతు ఎవరిదని లెక్క చూశారు. మాది.

ఇక అంతా మా జేజి చేతిలో పడింది. జేజి అంటే మా నాయన తల్లి. మనిషి గట్టిది, మాట ఇంకా గట్టిది. ఆమె వంతు పట్టింపు గురించి ఊరికంతా తెలుసు. మా నాయన చంటిబిడ్డగా ఉన్నప్పుడు మా తాత పోయాడు. ఆ ఏడే కరువు. ఇంట్లో గింజ లేక, వంతుకు వచ్చిన అయ్యవారిని జేజి గడపలోంచే తిప్పి పంపింది. తర్వాత కొన్నేళ్ళు వంతు మా ఇంటిని దాటి పోయింది. పాపం, ఆమెను ఇబ్బంది పెట్టొద్దని ఊరు జాలిపడింది. ఆ జాలి జేజికి నిప్పు. నాలుగు గింజలు ఇల్లు చేరాక తానే చావిడికి పోయి, మగవాళ్ళ ముందు నిలబడి, మా ఇంటిని మళ్ళీ వంతులోకి తీసుకోమని అడిగిందట. అప్పటినుంచి ఒక్క వంతు తప్పలేదు. బస్సు వంతు కోసం ఉగాది నుంచీ ఒక పుంజును మేపుతోంది.

మునసబుగారు స్వయంగా మా ఇంటికి వచ్చాడు. “అత్తా, ఈ ఒక్క పొద్దుకు నిలుపుదాం. మంగళారం మీ ఇంటి కాడ్నుంచే మొదలుపెడదాం.”

“దాటిపోయిన వంతు దాటిపోయినట్లే నాయనా. ఒగసారి దాటింది, చాలదా?” అంది జేజి.

“అమ్మా, పిల్ల చదువు...” అన్నాడు నాయన.

“ఆడపిల్ల బడికి పోకుంటే ఊరు ఏమనదు. వంతు తప్పితే మూడు తరాలు అంటాది.”

అంతే. నాయన చెప్పులు వేసుకుని బయటికి పోయాడు. అమ్మ పొయ్యి ఊదుతూ నావైపు చూడలేదు. నాకు వచ్చిన కోపం ఇంతా అంతా కాదు. ఆ రాత్రి జేజి పక్కన పడుకోనని చాప వేరే వేసుకున్నాను. ఆదివారమంతా ఆమెతో మాట్లాడలేదు. ఆమె పట్టించుకోలేదు. నా ఎదురుగానే కూర్చుని ధనియాలు వేయించింది, ఎండుకొబ్బరి కోరింది. పుంజును పట్టుకోను నన్ను సాయం రమ్మంది. రానన్నాను. తానే పరుగెత్తి పట్టుకుంది.

సోమవారం పొద్దున మా వీధంతా కోడికూర వాసన. దాచుకునే వాసనా అది? బస్సు వచ్చేవేళకు ఊరు ఊరంతా చావిడి దగ్గర చేరింది. మా ఇల్లు చావిడికి కనిపించేంత దూరమే. జేజి ఉతికిన తెల్లచీర కట్టుకుని, నీళ్ళ చెంబు చేత్తో పట్టుకుని గడపలో నిలబడింది. ఆ చెంబు చూడగానే నా పని అయిపోయిందనుకున్నాను. అరుగు చివర స్తంభాన్ని పట్టుకుని ఏడుపు దిగమింగుకుంటూ కూర్చున్నాను. ఫస్టు ఫారం పుస్తకాలు ఎట్లా ఉంటాయో కూడా చూడకుండానే నా చదువు ఒక పుంజు పాలయిందని అనిపించింది.

బస్సు వచ్చి ఆగింది. ముందు సీటులో సావుకారు. నున్నగా గీసిన గడ్డం, మణికట్టుకు గడియారం. ఆయన దిగలేదు. చెయ్యి కిటికీ మీద పెట్టుకుని గడియారం చూసుకున్నాడు. మా ఊరి వాళ్ళు ఇద్దరు ముగ్గురు ఎక్కారు. ఇక కదలాలి. డ్రైవరు మాత్రం దిగి, సావుకారు వైపు ఒకసారి, మా గడప వైపు ఒకసారి చూసి, తల వంచుకుని మా ఇంటివైపు నడిచాడు. అతన్ని చూస్తే నాకు కూడా జాలి వేసింది. పెట్టే మనిషి గడపలో నిలబడి ఉంటే, ఆమె పెట్టనంటే తప్ప అతను తిరిగి పోలేడు. మా ఊరు అతనికి ఆ భయం బాగా నేర్పించింది.

అతను మెట్టు దగ్గర చెప్పులు విప్పబోయాడు.

“విప్పొద్దు నాయనా,” అంది జేజి. ఊరంతటికీ వినిపించేటట్లు అంది. “ఈ పొద్దు మా ఇంట్లో పొయ్యి వెలగలా.”

చెంబులో నీళ్ళు మెట్టు పక్కన పారబోసింది.

కూర వాసన అందరి ముక్కులకూ కొడుతూనే ఉంది. ఎదురింటి ఆమె నోటికి కొంగు అడ్డం పెట్టుకుంది. మా నాయన గోడకు ఆనుకుని నేల చూస్తున్నాడు. జేజి మాత్రం ఎవరివైపూ చూడకుండా నిటారుగా నిలబడింది. డ్రైవరు ఒక్క క్షణం ఆమె ముఖంలోకి చూసి, రెండు చేతులూ జోడించి వెనక్కు తిరిగాడు. ఈసారి నడవలేదు, పరుగెత్తాడు. కండక్టరు బస్సు ముక్కులో ఇనపకడ్డీ పెట్టి తిప్పాడు. బస్సు వణికి, పొగ కక్కి, వంకవైపు మలుపు తిరిగి వెళ్ళిపోయింది.

దాని దుమ్ము అణిగేదాకా నేను ఊపిరి పీల్చలేదు. పీల్చాక ఏడుపు ఆగలేదు. అది ఎంత హాయి ఏడుపో చెప్పలేను. అంత తేలిక మళ్ళీ నా పెళ్ళిలో లేదు, కానుపుల్లో లేదు.

సాయంత్రం తిరుగు బస్సులో డ్రైవరు కబురు తెచ్చాడు. వేళకు ముందే ఆళ్ళగడ్డ చేరారట. “ఈ ఊర్లో నిన్ను ఎవరూ నిలబెట్టలేదే, మరి దినామూ ఎందుకు లేటు చేస్తాండావు?” అని సావుకారు దారంతా తననే తిట్టాడట. బస్సు మాత్రం ఉంటుందన్నాడట. తిట్లు తిన్న మనిషి అంత సంతోషంగా ఉండడం నేను అదే మొదటిసారి చూడడం.

ఆ కోడికూర మధ్యాహ్నమే మేము తిన్నాం. పొయ్యి వెలగని ఇంట్లో అందరం రెండోసారి వడ్డించుకున్నాం. జేజి కూడా తిన్నది, ఉప్పు తక్కువైందని అమ్మ మీద సణిగింది. ఎందుకట్లా చెప్పావని నేను అడగలేదు. అడిగితే ఏదో ఒకటి తిట్టి ఉండేది.

మర్నాడు మా పక్కింటి వాళ్ళ వంతు. వాళ్ళ గడపలో ఎవరూ నిలబడలేదు. ఆ పై ఇంట్లోనూ నిలబడలేదు. ఒక ఇల్లు తప్పిన తర్వాత తప్పినవాళ్ళ సరసన చేరడం అందరికీ సులువే. వంక గట్టు మీద దూదేకుల ఇంటామె వంతుకు ఇంకా నాలుగు రోజులు ఉన్నాయనగా వంతులే ఆగిపోయాయి. అప్పుకు బియ్యం చూసుకుంటున్న ఆమె, నీళ్ళకు పోతూ మా జేజిని చూసి ఆగి, బిందె సవరించుకుని పోయింది. ఆ ముఖంలో ఉన్నది నాకు తెలిసినదే. మొన్న బస్సు పోయాక నేను ఏడ్చిన ఏడుపు అదే.

అట్లాగని అందరూ ఊరుకోలేదు. నోరున్న ఆడవాళ్ళు కొందరు బావి దగ్గర మా ఇంటిని ‘పొయ్యి వెలగనోళ్ళు’ అన్నారు. కరువునాటి సంగతి కూడా తవ్వారు. మా అమ్మ వచ్చి చెప్పి ఏడ్చింది. “అననీ, నోరు నొస్తే వాళ్ళే ఊరుకుంటారు” అంది జేజి. చేటలో కొర్రలు చెరుగుతోంది. చెరిగే చెయ్యి ఆగలేదు కానీ, ఆ రోజు చెరిగిన కొర్రలు మళ్ళీ మా అమ్మ చెరుక్కోవాల్సి వచ్చింది. రాళ్ళు అట్లాగే ఉన్నాయి.

బడి తెరిచిన రోజు నాకు రెండు జడలు వేశారు. కొత్త లంగా కట్టారు. సంచిలో పలక కాదు, పుస్తకాలు. టిఫిన్ డబ్బాలో కొర్రన్నం. నాయన చేతిలో టికెట్టుకు చిల్లర. చావిడి దాకా జేజి కూడా వచ్చింది. బస్సు అప్పటికే నిలబడి ఉంది. నన్ను ఆడవాళ్ళ సీటులో కూర్చోబెట్టి, ఆమె కిటికీ కింద నిలబడింది. బస్సులో గేరి ఆడవాళ్ళు వెనక కూర్చుని ఉన్నారు. ఆళ్ళగడ్డలో మల్లెలు, మునక్కాయలు అమ్ముకోను దినామూ టికెట్టు కొని పోయేవాళ్ళు వాళ్ళే. వాళ్ళలో ఒకామె నా సంచి తీసి ఒళ్ళో పెట్టుకుంది.

డ్రైవరు జేజిని చూసి, కిటికీలోంచి తల బయటపెట్టాడు. రెండు నెలలు తిన్న తిండి అప్పటికే అతని ఒంటి మీద నుంచి దిగిపోయింది. కొంచెం ఆటపట్టిద్దామనుకున్నాడు.

“ఏం పెద్దమ్మా, నిజం చెప్పు. ఈ పొద్దన్నా పొయ్యి వెలిగిందా?”

చుట్టూ ఊరంతా ఉంది. బావి దగ్గర అన్నవాళ్ళూ ఉన్నారు. టిఫిన్ డబ్బాలోని అన్నం నా ఒళ్ళో ఇంకా వేడిగా ఉంది.

“వెలగలా నాయనా,” అంది మా జేజి, అందరూ వినేటట్లు. “నువ్వు బిన్నా పో. పిల్లకు బడి మించిపోతాంది.”